మీసం లేని గోడ

మా ఆయనకు మీసాలు లేవు. అయినా చుట్టుపక్కల అందరూ ఆయన్ని మీసాల ఆర్టిస్టు అనే పిలుస్తారు. ఆయన రాసిన ప్రతి బోర్డు కిందా ఒక మీసం ఉంటుంది మరి. పేరు రాయడం పూర్తయ్యాక దాని కింద నడుమ లావుగా మొదలై, రెండు వైపులా సన్నబడుతూ పోయి, కొసల్లో పైకి మెలితిరిగే గీత అది. మందుల షాపు కింద అదే, బూట్ల షాపు కింద అదే, పళ్ళ డాక్టరు గారి బోర్డు కింద కూడా అదే. ఆ మీసం పడితే గానీ ఏ పనీ మా షాపు గుమ్మం దాటదు. అది ఆయన పెట్టుకున్న రూలు. కస్టమర్లు కూడా "మీసం కాస్త గట్టిగా వెయ్యండి" అని అడిగి మరీ వేయించుకుంటారు.

మీసంతో ఆగితే బాగానే ఉండును. దాని చుట్టూ అంచు, అంచు వెంబడి తీగలు, అక్షరానికి నీడ, ఆ నీడకి మళ్ళీ ఒక మెరుపు. బోర్డు మీద వేలు పెట్టేంత చోటు మిగిలినా కస్టమర్ని మోసం చేసినట్టే బాధపడిపోతారు ఆయన. "మొత్తం బోర్డు మన చేతికిచ్చి సగమే రాయించుకుంటారా ఎవరైనా?" అంటారు.

ఇక నా పనంటారా, రాయాల్సిన మాటలు సరిచూడడం, ప్రూఫులు దిద్దడం, బోర్డు పైకెక్కాక రోడ్డుకి అవతలి పక్క నిలబడి చదవడం. ఆయన నిచ్చెన మీద నుంచే "తప్పులున్నాయా?" అని అరుస్తారు. నేను బస్సుల మోత మీదుగా "లేవండీ!" అని అరుస్తాను. మా కాపురంలో సగం మాటలు ఇలా రోడ్డుకి అటూ ఇటూ నిలబడి చెప్పుకున్నవే.

ఆ వానాకాలం ఇదంతా తలకిందులైంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు ఒక చోట నిలవదు.

మా అమ్మాయి డిజైన్ చదువు ముగించుకుని వచ్చి షాపులో ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. వేరే నగరంలో ఒక పెద్ద కంపెనీ వాళ్ళు దాన్ని ఉద్యోగానికి రమ్మన్నారు. వానలు వెళ్ళేలోగా ఏ సంగతీ చెప్తానంది వాళ్ళతో. "ఈలోగా ఇక్కడ నాకు నచ్చినట్టు ఒక్క పని చెయ్యగలిగితే ఉండిపోతానమ్మా. కుదరకపోతే మాత్రం నన్ను ఆపొద్దు," అని నాతో ముందే అనేసింది. దాన్ని ఎలాగైనా ఆపాలని నాకు. కూతురు కళ్ళెదుట ఉండాలనే స్వార్థం ఒకటైతే, తండ్రీ కూతుళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేస్తుంటే చూడాలనే కోరిక ఇంకొకటి. కానీ వాళ్ళిద్దరికీ ఒక విజిటింగ్ కార్డు మీద కూడా పొత్తు కుదిరేది కాదు.

ఆ పని మొదటి వానతో పాటే వచ్చింది. మా వీధి చివరి మ్యూజియం మేడమ్ గారు గొడుగు మడుచుకుంటూ షాపులోకి అడుగుపెట్టారు. మరమ్మతుల కోసం మూసిన మ్యూజియాన్ని వానలు వెళ్ళేసరికి మళ్ళీ తెరుస్తారట. అందులో ఒక కొత్త గది పెడుతున్నారట. ఆ గదిలో కత్తులూ కిరీటాలూ ఉండవు. ఇళ్ళల్లో విరిగి, పగిలి, చిరిగి, మళ్ళీ బాగుచేసుకుని వాడుకున్న వస్తువులే ఉంటాయి. అన్నీ జనం తెచ్చి ఇచ్చినవే.

"మీ అమ్మాయి పంపిన నమూనాలు చూశానండీ," అన్నారు మేడమ్. "ఈ గదికి పోస్టరూ, రాతలూ మీరు చెయ్యండి. బాగా కుదిరితే మ్యూజియం మొత్తం మీకే ఇస్తాను. మేం వేసే పత్రిక కూడా."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "గది చుట్టూ తీగల అంచు వేద్దాం మేడమ్. గుమ్మం మీద పెద్ద కమాను, దాని మీద రెండు నెమళ్ళు..."

"నాన్నా," అంది అమ్మాయి.

"నెమళ్ళు వద్దంటే చిలకలు వేద్దాం," అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయి పోస్టరు నమూనా ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. పెద్ద తెల్ల కాగితం. దాని మధ్యలో ఒక టీ కప్పు ఫోటో. పిడి విరిగిపోతే ఇత్తడి తీగతో చుట్టి నిలబెట్టిన కప్పు. కింద ఎడమ మూల ఒక్క వరుస అక్షరాలు. ఇంకేమీ లేదు.

మా ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. కాగితం తిప్పి వెనక చూశారు. మళ్ళీ ముందుకు తిప్పారు.

"బాగుంది. మిగతాది ఎప్పుడు వేస్తావు?"

"అయిపోయింది నాన్నా."

"ఏది అయిపోయింది?"

"పోస్టరు."

"ఇంత కాగితం మిగిలిపోయిందిగా తల్లీ! ఈ చోట్లో ఇంకో నాలుగు కప్పులు పడతాయి."

"ఇంకో నాలుగు పెడితే ఈ కప్పుని ఎవరు చూస్తారు?"

"అన్నిటినీ చూస్తారు."

"ఏదీ చూడరు."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పు. నీకేం కనిపిస్తోంది ఇందులో?"

నేను అలవాటు కొద్దీ తప్పుల కోసం వెతకబోయాను. దిద్దడానికి ఏమీ లేదు. చూపు అటూ ఇటూ పరిగెత్తకుండా తిన్నగా వెళ్ళి కప్పు మీద కూర్చుంది. ఆ తీగ ఎంత దగ్గర దగ్గరగా చుట్టారో చూశాను. వేలికి గుచ్చుకోకుండా దాని కొసని లోపలికి మడిచి పెట్టడం చూశాను. ఎవరో ఒక మనిషి, తన ఇంట్లో, ఎవరికోసమో అంత ఓపిగ్గా మడిచి ఉంటారు. ఇన్నేళ్ళుగా కాగితాల మధ్యే బతుకుతున్నాను గానీ, కాగితం మీద ఏమీ లేని చోటు ఇంత పని చేస్తుందని నాకు తెలియదు.

"కప్పు కనిపిస్తోందండీ," అన్నాను. "ఎంత బాగా కనిపిస్తోందో!"

అమ్మాయి ఒక్క గంతేసి నన్ను వాటేసుకుంది. మా ఆయన మూతి ముడుచుకుని, "తల్లీ కూతుళ్ళు ఒకటయ్యారన్నమాట," అంటూ రంగు డబ్బాలు సర్దుకోవడానికి లోపలికి నడిచారు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగారు.

"మీసమైనా పడాలి. అది లేకుండా ఏదీ బయటికి వెళ్ళదు. చెప్తున్నాను."

ఆ తరవాత నాకు పిచ్చి పట్టింది. మంచి పిచ్చే.

వస్తువుల పక్కన పెట్టడానికి మేడమ్ రాతలు పంపారు. ఒక్కోటీ ఒక్కో వ్యాసం. పింగాణీ పళ్ళెం గురించి ఇలా ఉంది: "గృహ వినియోగమునకు ఉద్దేశింపబడిన ఈ పళ్ళెము ఆకస్మికముగా భగ్నమై, తదనంతరము లోహపు బందుల సహాయమున పునరుద్ధరింపబడి..." సగం చదివేసరికి నాకు ఆయాసం వచ్చింది.

అమ్మాయి కుర్చీ నా పక్కకి లాక్కుంది. "అమ్మా, ఈ పళ్ళెం మనింట్లో ఉందనుకో. పక్కింటావిడ వచ్చి ఇదేమిటని అడిగితే ఏం చెప్తావు?"

"పగిలింది, పారేయలేదు అంటాను."

అది నోరు తెరుచుకుని నా వంక చూసింది. "మళ్ళీ చెప్పు."

"పగిలింది. పారేయలేదు."

"రాసెయ్యమ్మా! అంతే రాసెయ్!"

రాసేశాను. ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేకపోయారు. ఒక కాలు మాత్రం వేరే చెక్కతో ఉన్న స్టూలుకి "నాలుగో కాలు తరవాత వచ్చింది" అని రాశాను. కన్ను ఊడిపోయిన బొమ్మకి "ఈ కన్ను నాన్న చొక్కాది" అని రాశాను, అక్కడ కుట్టింది చొక్కా గుండీ కాబట్టి. ఒక గొడుగు ఉంది, అతుకు మీద అతుకు వేసి వేసి రంగుల మేళంలా తయారైంది. దాని గురించి పొద్దున్నుంచీ గింజుకుని గింజుకుని, కూరగాయలు తరుగుతుండగా తట్టింది: "ఇందులో మొదటి గుడ్డ ఎక్కడుందో వెతకండి." కత్తి అక్కడే పడేసి, తడిచేతులతో షాపుకి పరిగెత్తాను.

మేడమ్‌కి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ అన్నీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను రాసిందంతా ఎక్కడికి పోయిందండీ?" అని పగలబడి నవ్వారు. "సరే గానీ, సంవత్సరం మాత్రం నాకు వదలండి. ఏ కాలందో తెలియకపోతే మ్యూజియం ఎలా అవుతుంది?" ఆ మాటా నిజమే. ప్రతి దాని కిందా చిన్నగా సంవత్సరం చేర్చాం. చేర్చాక ఇంకా బాగుంది.

ఇంటికొచ్చినా నా చెయ్యి ఊరుకోలేదు. అలమరలన్నీ ఖాళీ చేశాను. హాల్లో గోడ మీద పాత కాలెండర్లు, ప్లాస్టిక్ పూలు, ఎవరెవరో ఇచ్చిన బొమ్మలు అన్నీ దింపేసి, మా ముగ్గురి ఫోటో ఒక్కటి ఉంచాను. మా ఆయన షాపు నుంచి వచ్చి హాలు మధ్యలో నిలబడిపోయారు.

"ఇది మన ఇల్లేనా? దొంగలు పడ్డారా?"

"హాయిగా లేదూ?"

"నా టీ గ్లాసు ఏది? బొద్దుగా, చుట్టూ పూలుండేది?"

"అటక మీద పెట్టానండీ."

"రేపు నన్ను కూడా అటకెక్కిస్తావు," అన్నారు.

నేను కిసుక్కున నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నేను హుషారులో ఉండి ఆ మాటని పట్టించుకోలేదు. కానీ మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఆ గ్లాసు దింపి, కడిగి, ఆయన టీ అందులోనే పోసి ఇచ్చాను. ఆయన చివరి చుక్క దాకా తాగారు.

మ్యూజియం తెరిచే ముందు, వస్తువులు ఇచ్చిన ఇళ్ళవాళ్ళనీ తన తోటి ఉద్యోగుల్నీ పిలిచి గది చూపించాలని మేడమ్ ఒక రోజు పెట్టుకున్నారు. అమ్మాయి పోస్టర్లలాగే గదిని కూడా తెల్లగా, ఖాళీగా ఉంచింది. పక్షి ఈకంత సన్నటి అక్షరాలు, లేత బూడిద రంగులో, స్టిక్కర్లుగా కత్తిరించి గోడలకి అతికించింది. గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద గోడ మీద నేను రాసిన ఒకే ఒక్క వాక్యం: "ఇవన్నీ ఒకసారి విరిగాయి." ముందు రోజు దాన్ని దగ్గర నిలబడి చూసి "అబ్బ, ఉందా లేదా అన్నట్టుందే!" అని నేనే చంకలు గుద్దుకున్నాను.

జనం వచ్చారు. గొడుగులు బయట పెట్టి, కాళ్ళు తుడుచుకుని, లోపలికి నడిచారు. పెద్ద గోడ ముందు నుంచి అందరూ ఆగకుండా వెళ్ళిపోయారు. ఒకాయన చదవడానికి ముందుకి వంగి, అద్దాల పెట్టెకి నుదురు కొట్టుకున్నాడు. అతుకుల గొడుగు ఇచ్చిన పెద్దావిడ నాలుగు వైపులా చూసి, "నా గొడుగు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం?" అని చిన్నబుచ్చుకుంది. రాసి ఉంది. ఆవిడ భుజం పక్కనే ఉంది.

అమ్మాయి ఆవిడకి వేలు పెట్టి చూపిస్తుండగానే, పెద్ద గోడ మీద "విరిగాయి" అన్న మాటలో చివరి అక్షరం చెమ్మకి మెల్లగా ముందుకి వంగింది. అందరం చూస్తుండగానే ఊడి నేల మీద పడింది.

మేడమ్ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశారు. "చాలా అందంగా ఉందమ్మా. కానీ కనిపించడం లేదు. వచ్చే వారం తెరవాలి, వాయిదా వెయ్యలేను. ఈలోగా దారి దొరక్కపోతే మా పాత ప్రింటర్‌కే ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకు."

మా ఆయనని ఎవరూ పిలవలేదు. అయినా వచ్చి గుమ్మం పక్కన తడి చెప్పులతో నిలబడి ఉన్నారు. ఇప్పుడు "నేను చెప్పలేదూ" అంటారని పంటి బిగువున చూస్తున్నాను. ఆయన గోడ దాకా నడిచి, వంగి, కింద పడ్డ అక్షరాన్ని తీసి, దుమ్ము దులిపి, చొక్కా జేబులో వేసుకున్నారు.

ఇల్లు చేరాక అమ్మాయి, "వాళ్ళకి వస్తానని చెప్పేస్తానమ్మా," అంది.

మర్నాడు పొద్దున వాన తెరిపి ఇచ్చింది. మా ఆయన అమ్మాయి గది తలుపు తట్టారు. "అమ్మడూ, చెప్పులేసుకుని రా."

ఏమిటి, ఎక్కడికి అని అడిగే సందు ఇవ్వలేదు. తిన్నగా షాపు దాకా నడిపించి, రోడ్డుకి అవతల నేను నిలబడే చోట దాన్ని నిలబెట్టి, తను షాపు గోడ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను అమ్మాయి పక్కకి చేరాను. ఆయన చంకలోంచి కాగితాల చుట్ట తీశారు. మొదటిది అమ్మాయి సొంత నమూనా. తెల్ల గోడకి ఆనించి పట్టుకున్నారు.

"చదువు!" అని అరిచారు.

"కనబడట్లేదు!"

ఇంకో కాగితం తీశారు. అదే వాక్యం, తన చేత్తో, కొంచెం పెద్దగా.

"ఇప్పుడు?"

"కొంచెం!"

మూడోది తీశారు. నల్లటి నలుపు. బాగా తిని దిట్టంగా ఉన్న అక్షరాలు. మధ్యలో బస్సు ఒకటి అడ్డం వచ్చి వెళ్ళింది. బస్సు కిటికీల్లోంచి కూడా ఆ మాటలు ముక్కలు ముక్కలుగా కనబడుతూనే ఉన్నాయి. అమ్మాయి అటూ ఇటూ చూసుకోకుండా రోడ్డు దాటేసింది. నేను "బండ్లే, బండ్లు!" అని కేకలేస్తూ వెనకే పరిగెత్తాను.

"నీ ఖాళీతో నాకు పేచీ లేదు," అంటున్నారు ఆయన. "నాకింకా అలవాటు కాలేదు, అది వేరే సంగతి. కానీ అంత తెల్ల గోడని మొయ్యాలంటే అక్షరానికి ఒంట్లో సత్తువ ఉండొద్దూ? నువ్వు దాన్ని పస్తు పెట్టావు తల్లీ."

అమ్మాయి ఆ కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని దూరం పెట్టి చూసింది, దగ్గరికి తెచ్చుకుని చూసింది. "నేను మాటని కూడా ఖాళీ చేసేశాను నాన్నా. ఖాళీ మాట చుట్టూ కదా ఉండాల్సింది!" దాని గొంతులో హుషారు తిరిగొచ్చింది. "ఇంత లావు అక్షరం, చుట్టూ అంత తెలుపు... నాన్నా, ఇది చంపేస్తుంది! అవునూ, దీనికి నీడ వెయ్యలేదేం?"

"టైము లేక," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నీడ వెయ్యడానికి ఆయనకి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు.

"స్టిక్కర్లు ఆ చెమ్మకి నిలవవు," అంది అమ్మాయి. "గోడ మీద నువ్వే రాస్తావా?"

"రాస్తాను. నా రూలు నీకు తెలుసుగా."

అమ్మాయి నా వంక చూసింది. నేను రోడ్డు వంక చూశాను. ఇద్దరిలో ఎవరి తరఫున మాట్లాడినా రెండోవాళ్ళు పోతారేమోనని భయం వేసింది నాకు.

"తెలుసు," అంది చివరికి. "నువ్వు రాస్తే చాలు నాన్నా. మీసం నీ ఇష్టం."

వస్తువుల పక్కన ఉండే చిన్న రాతలన్నీ అమ్మాయి దిట్టమైన అక్షరాలతో అట్టల మీద అచ్చు వేయించి, కళ్ళ ఎత్తులో నిలబెట్టింది. పెద్ద గోడని మాత్రం పాత స్టిక్కర్లు పీకేసి మా ఆయన కోసం ఉంచాం. ముగ్గురం ఒక మబ్బు పట్టిన ఉదయం మ్యూజియానికి వెళ్ళాం. బయట సన్నగా తుంపర పడుతోంది. నీలం సుద్ద పూసిన దారం ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఇంకో కొస అమ్మాయి పట్టుకుంది. నేను మధ్యలో లాగి వదిలితే టప్‌మని గోడ మీద తిన్నటి గీత పడింది.

"ఇంకొంచెం కిందకి నాన్నా."

"ఇంకా కిందకా? పాకుతూ చదవాలా జనం?"

"పైన అంత చోటు వదిలితేనే వాక్యం బరువుగా నిలబడుతుంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి చూడు."

ఆయన గొణుక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళారు. చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి, గొణుగుడు ఆపకుండానే దారం ఇంకొంచెం కిందకి దించారు.

తరవాత ఆయన బ్రష్షు అందుకున్నారు. చెయ్యి వణక్కుండా ఆనించుకునే కర్ర గోడకి ఎదురుపెట్టి, దాని మీద మణికట్టు మోపి, ఆయన ఒక్కో అక్షరాన్నీ ఊపిరి బిగబట్టి దించుతున్నారు. చెమ్మ గోడ మీద రంగు ఒకసారి పడితే తుడవడం కుదరదు. తుడిస్తే పెద్ద మరక మిగులుతుంది. అంచేత ఏది రాస్తే అదే ఉంటుంది. అమ్మాయి డబ్బా పట్టుకుని పక్కనే నిలబడింది. ఆయన ఎప్పుడు చెయ్యి చాపితే అప్పుడు డబ్బా అక్కడ ఉంటోంది. ఇది చూడాలనే కదా ఇన్నాళ్ళూ ఆశపడ్డాను.

"విరిగాయి" పూర్తయింది. చివర చుక్క పెట్టారు. గుండ్రంగా, నిండుగా కూర్చుంది.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి చూసుకున్నారు. వెనక్కి వచ్చారు. బ్రష్షుని డబ్బాలో నిండా ముంచి, అంచుకి రాసి, వాక్యం కింద నడుమ సరిగ్గా మీసం మొదలయ్యే చోట గోడకి దగ్గరగా పట్టుకున్నారు. నేను ఆ మణికట్టుని ఎన్ని బోర్డుల ముందు చూశానో. అది తిరగబోయే ముందు కాస్త పైకి లేస్తుంది. లేచింది.

అమ్మాయి కళ్ళు మూసుకుంది. డబ్బా మాత్రం వంకర పోనివ్వలేదు.

ఆయన అలాగే నిలబడి గోడని చూశారు. పక్కన అద్దాల పెట్టెలో ఉన్న తీగ చుట్టిన కప్పుని చూశారు. మళ్ళీ గోడని చూశారు.

"ఇదిగో," అన్నారు నాతో, "ఈ మ్యూజియంలో ఎక్కడైనా టీ దొరుకుతుందా?"

బ్రష్షుని తీసుకెళ్ళి టర్పెంటైన్ డబ్బాలో పెట్టేసి, చేతులు తుడుచుకున్నారు. నేను టీ కోసం వసారాలోకి నడిచాను. అక్కడ స్తంభం చాటున నిలబడి కాసేపు ఏడ్చాను. సంతోషానికే. తరవాత మొహం కడుక్కుని, మూడు టీలు పట్టుకుని లోపలికి వెళ్ళాను.

మ్యూజియం తెరిచిన రోజు కుండపోత. అయినా జనం కిక్కిరిసిపోయారు. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతి మనిషీ, గొడుగు ఇంకా సగం మడుస్తూనే, ఎదురుగోడ చూసి ఆగిపోవడం నేను ఒక మూల నుంచి చూస్తూనే ఉన్నాను. ఎంత చూసినా తనివి తీరలేదు. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన గట్టిగా చదివాడు: "ఇవన్నీ ఒకసారి విరిగాయి." చదివి, "నా మోకాలు కూడా ఇక్కడే పెట్టండయ్యా!" అన్నాడు. గదంతా నవ్వులు. గొడుగు ఇచ్చిన పెద్దావిడైతే తన పెట్టె దగ్గర నుంచి కదలనే లేదు. ఎవరు వచ్చి మొదటి గుడ్డ కోసం వెతికినా ఆగలేక తనే చూపించేస్తోంది. "ఇదిగో, ఇక్కడ! ఈ చిన్న నీలం ముక్క! ఇది మా అమ్మ కొన్నప్పటిది!"

మేడమ్ జనాన్ని తోసుకుంటూ మా దగ్గరికి వచ్చారు. ఆవిడ మొహం చూస్తేనే తెలిసిపోయింది. "మిగతా గదులు ఎప్పుడు మొదలుపెడదాం?" అన్నారు అమ్మాయితో. తరవాత మా ఆయన వైపు తిరిగి, "మీ మీసం కోసం చూశానండీ. ఏది?" అన్నారు.

"గోడ ఇంకా తడిగా ఉంది మేడమ్," అన్నారు ఆయన, ఎటో చూస్తూ.

అమ్మాయి వసారాలోకి వెళ్ళి ఫోను చేసింది. వాన హోరులో నాకు "రాలేనండీ" అన్న ఒక్క మాటే వినబడింది. నాకు అది చాలింది.

వానలు వెళ్ళిపోయాయి. ఒక ఎండ కాసిన ఉదయం మా ఆయన షాపు బోర్డు కిందకి దింపారు. ఆ బోర్డు మీద లేనిది లేదు. మేం చేసే పనులన్నీ, చెయ్యని పనులు కూడా కొన్ని, నీడలతో, తీగలతో, రెండు చిలకలతో, వెనకాల ఒక సూర్యోదయంతో సహా ఉండేవి. ఆయన దాని మీద తెల్లరంగు పూసేసి, ఆరబెట్టి, తిరిగి పైకెక్కించారు. ఏమీ రాయలేదు. దారిన పోయేవాళ్ళు తలెత్తి చూడడం, లోపలికి వచ్చి "బోర్డుకి ఏమైందండీ?" అని అడగడం మొదలైంది. "ఆలోచిస్తున్నాను," అనేవారు ఆయన. కొందరు అలా అడగడానికి వచ్చి పని కూడా ఇచ్చి వెళ్ళారు. అంతకు ముందు ఆ బోర్డుని ఎవరైనా తలెత్తి చూడడం నేనెరగను.

ఒక రోజు పొద్దున్నే నిచ్చెన వేశారు. అమ్మాయి కింద పట్టుకుంది. నేను నా చోటికి, రోడ్డు అవతలికి, వెళ్ళి నిలబడ్డాను. తెల్ల బోర్డు మధ్యలో నల్లగా, దిట్టంగా, ఒకే ఒక్క మాట రాశారు: "అక్షరాలు." రాసి, మీసం జోలికి పోకుండా కిందకి దిగిపోయారు.

"నాన్నా, బ్రష్షు ఇలా ఇవ్వు," అంది అమ్మాయి.

"ఎందుకు?"

"ఇవ్వు ముందు."

అది నిచ్చెన ఎక్కింది. ఆయన కింద పట్టుకున్నారు. అది ఏం చేస్తోందో చూద్దామంటే సరిగ్గా అప్పుడే బస్సు ఒకటి వచ్చి నాకు అడ్డంగా ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, చిల్లర కోసం తగువాడుకుంటున్నారు. నేను మునివేళ్ళ మీద లేచి చూసినా లాభం లేకపోయింది. బస్సు కదిలేసరికి అమ్మాయి పని పూర్తయింది.

ఆ మాట కింద మీసం ఉంది. నడుమ లావుగా, అటూ ఇటూ సన్నబడుతూ, కొసల్లో మెలితిరిగి. ఎడమ కొస కాస్త వణికింది, వేసింది కొత్త చెయ్యి కదా. దాని చుట్టూ తీగలు లేవు, నీడ లేదు, చిలకలు లేవు. తెల్లటి తెలుపు మీద అదొక్కటే. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గీత అంత అందంగా ఉంటుందని నాకు తెలియనేలేదు. చూద్దామంటే ఎప్పుడు కనబడింది గనక, దాని చుట్టూ అంత సంత పెట్టేవారు!

మా ఆయన మెడ వెనక్కి వంచి, నోరు తెరిచి పైకి చూస్తున్నారు. చెయ్యెత్తి కళ్ళు తుడుచుకోబోయి, వేళ్ళకున్న నల్లరంగు ముక్కుకి పూసుకున్నారు.

"తప్పులున్నాయా?" అని అరిచింది అమ్మాయి, నిచ్చెన మీద నుంచి, అచ్చం ఆయనలాగే.

బలమంతా కూడదీసుకుని, వీధి వీధంతా వినబడేలా అరిచాను.

"లేవు! ఇంకేమీ ముట్టుకోకండి! నువ్వు దిగు ముందు! మీరు మొహం కడుక్కోండి!"